పొగలో గురి

చెక్కబల్ల మీద యుద్ధం ఆగిపోయింది.

ఒక వైపు వంశీధర్ ఫిరంగి. మరొక వైపు చెల్లెలు ఇందుజ గుర్రపుదళం. నడుమ చిటికెడు దూది.

ఆ దూదే పొగ. ఫిరంగి పేలినప్పుడల్లా దాని ముందు పెట్టాలి. ఒక వంతు గడిచాక తీయాలి.

బొటనవేలంత సీసపు సైనికులు, పాతకాలపు దక్కను యుద్ధం, చేతిరాత నియమాల పుస్తకం, అన్నీ తాత గోవిందరాజులువే. రైల్వే కొలువుతో సూరత్ వచ్చి, ఇక్కడే స్థిరపడి, మొన్న వేసవిలో కన్నుమూశారు.

బొమ్మల పెట్టె ఎవరిదో మాత్రం చెప్పి వెళ్ళారు. ఆడి గెలిచినవారిది.

"కాలుస్తున్నా," అన్నాడు వంశీధర్.

"పొగ ఉందిగా అన్నయ్యా! పదిహేడో నియమం చదువు."

"'పొగ ఉన్నంతవరకు గురి లేదు.' అది నీకు. ఫిరంగీ నాదే, పొగా నాదే."

"నీకూ లేదు."

"ఎక్కడ రాశారో చూపించు."

ఎక్కడా రాయలేదు.

గడప దగ్గర ఎవరో దగ్గారు. వెలిసిన చొక్కా, చేతిలో కాగితపు సంచి.

"నా పేరు రాజలింగం. ఈ ఊళ్లెనే లింబాయత్‌ల బట్ట నేసే లూమ్ నడుపుత. గోవిందరాజులు సారు అప్పట్ల దూది తెమ్మన్నడు. సారు పోయిన సంగతి మీ మెట్ల కిందికచ్చినంక తెలిసింది."

"అక్కడ పెట్టండి," అంది ఇందుజ.

పెట్టాడు. కదలలేదు. చూపు బల్ల మీదే నిలిచింది.

"ఫిరంగి పేల్చెటోనికి గూడ గురి లేదు, బిడ్డా."

వంశీధర్ నవ్వాడు. "మీకు తెలుసా ఈ ఆట?"

"పొగల నిలవడ్డోనికి ఎవలు కనవడ్తరు? లూమ్ కాడ దూది నూగు లేస్తె నా చెయ్యే నాకు కనవడది."

"ఇది లూమ్ కాదు పెద్దాయనా, యుద్ధం!"

రాజలింగం మాట ఇందుజకు లాభమే. అయినా తల అడ్డంగా ఊపింది.

"దారిన పోయేవారి మాటతో గెలిచానని ఏడాదంతా దెప్పుతావు. బొమ్మా బొరుసా వేద్దాం."

వంశీధర్ కోరిన బొరుసే పడింది. ఫిరంగి పేలింది. గుర్రాలు ఒరిగాయి. పెట్టె వంశీధర్‌ది.

"మంచిగ కొట్లాడిన్రు. అచ్చం సారు లెక్కనే," అన్నాడు రాజలింగం. ఆ ముఖంలో ఏదో తృప్తి. చాయ్ తాగి, గ్లాసు తానే కడిగి, మెట్లు దిగాడు.

సైనికులను సర్దుతుంటే ఇందుజ చేతికి పుస్తకం వెనుక అట్ట మందంగా తగిలింది. చివరి ఆకు దానికి అంటుకుపోయి ఉంది. మెల్లగా విడదీసింది. చదివింది. పుస్తకాన్ని అన్న వైపు తిప్పింది.

వంశీధర్ రెండుసార్లు చదివాడు. పెట్టెను చిరునవ్వుతో చెల్లెలి వైపు జరిపాడు.

ఇద్దరూ బాల్కనీలోకి పరుగెత్తారు. లింబాయత్ షేర్ ఆటో అప్పటికే మలుపు తిరిగింది.

బల్ల మీద ఆకు తెరిచే ఉంది, తాత గుండ్రని అక్షరాలతో: "నియమం తేల్చని చోట రాజలింగం చెప్పిందే నియమం, ఎందుకంటే ఈ ఆట కట్టింది అతడు, నేను రాసిపెట్టినవాణ్ణి మాత్రమే."