లీటరుకి పద్దెనిమిది

కారు తెర మీద ఇరవై. కాగితం మీద పద్దెనిమిది.

బంగారరాజు మళ్లీ లెక్క కట్టేడు. మళ్లీ పద్దెనిమిదే.

రెండువేల తొమ్మిదిలో అమలాపురంలో హైబ్రిడ్ కారు ఆయన దగ్గరే ఉండేది. పెట్రోలుకి తోడు బ్యాటరీ కూడా లాగుతుంది. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో స్టీరింగు వెనక తెర మీద అదే చెప్పేస్తుంది.

చెబితే మాత్రం నమ్మేస్తాడా ఏంటి! ఆయనకి చేతి లెక్క మీదే గురి. బంకులో కారుని ఊపి ఊపి మూత దాకా పోయిస్తాడు. రెండు వారాలు తిరిగి మళ్లీ మూత దాకా పోయిస్తాడు. తిరిగిన దూరాన్ని పట్టిన పెట్రోలుతో భాగిస్తాడు. తెర కంటే కాగితం తగ్గిందంటే ట్యాంకులోంచి ఎవరో తీస్తున్నట్టేనని ఆయన లెక్క.

డ్రైవరు నతానియేలుని పిలిచేడు. సముద్రం ఒడ్డు ఊరు ఓడలరేవు మనిషి. కారుతో పాటే పనిలోకొచ్చి నాలుగు నెలలైంది. అడిగితే తప్ప మాట్లాడడు.

"ఏరా, లీటరుకి రెండు కిలోమీటర్లు ఎక్కడికి పోతున్నాయి?"

"తెలీదండి."

"పెట్రోలు తీస్తున్నావా?"

"లేదండి."

"పోనీ ఎవరన్నా తియ్యడం చూసేవా?"

నతానియేలు తల దించుకున్నాడు. పలకలేదు.

ఆ పలక్కపోవడమే కొంప ముంచింది.

శనివారం వాడపల్లి వెళ్లేరు. గుడి ముందు కారు దిగి, బంగారరాజు అన్నాడు:

"తియ్యలేదని స్వామి మీద ఒట్టెయ్యి. ఇక్కడితో వదిలేస్తాను."

"మేం ఒట్టెయ్యకూడదండి."

"అయితే మీ దేవుడి మీదే వెయ్యరా బాబూ. నాకేం పట్టింపు లేదు."

"ఎవరి మీదా వెయ్యకూడదండి. మా ఇంట్లో చిన్నప్పట్నించీ అంతేనండి. తియ్యలేదండి నేను."

బంగారరాజు పుట్టి బుద్ధెరిగి ఇలాంటిది వినలేదు. తప్పు చెయ్యనోడు ఒట్టుకి వెనకాడ్డమేంటి? ఇంకేం కావాలి రుజువు?

చెయ్యి చాపి తాళం పుచ్చుకున్నాడు.

"బస్సెక్కి పో."

"ఆయ్," అన్నాడు నతానియేలు. అంతే. ఆ నెల జీతం సంగతి కూడా ఎత్తకుండా వెళ్లిపోయేడు.

ఊళ్లో మాట దాగుతుందా? పెట్రోలు దొంగని పేరు పడిపోయింది. ట్యాక్సీ స్టాండులో రానివ్వలేదు. రొయ్యల వ్యాన్ల దగ్గరికెళితే, "రాజుగారు తీసేసినోడివి నువ్వేగా?" అని వెనక్కి పంపేసేరు.

బంగారరాజు ఇంకో డ్రైవర్ని పెట్టుకోలేదు. తనే నడిపేడు. తాళం బొడ్లోంచి తియ్యలేదు.

రెండు వారాలకి మూత దాకా పోయించి లెక్క కట్టేడు.

పదిహేను.

నోరు వెళ్లబెట్టేడు. దొంగ పోయేక ఇంకా తగ్గడమేంటి?

కారమ్మిన షోరూముకి ఫోను చేసేడు.

"తెర ఇరవై అంటోందండి. నా లెక్కకి ఇదివరకు పద్దెనిమిది, ఇప్పుడు పదిహేను."

"పద్దెనిమిదే అసలు లెక్కండి. తెర ఎప్పుడూ ఒకటో రెండో ఎక్కువే చూపిస్తాది. పదిహేనంటే మాత్రం పెట్రోలు ఎటో పోతోందండి."

ఫోను పెట్టేసి మళ్లీ కాగితం తీసేడు. పద్దెనిమిది అసలు లెక్కయితే, ఆ నాలుగు నెలల్లోనూ ఒక్క చుక్క కూడా పోలేదన్నమాట.

మూడో నాడు, మధ్యాహ్నం భోజనాలయ్యేక, షెడ్డులో దొరికేడు దొంగ. భార్య తమ్ముడు శివ. ముప్పై ఏళ్లొచ్చేయి, ఇంట్లోనే తింటాడు, బైకు మీద ఊరు తిరుగుతాడు. బీరువాలోని రెండో తాళంతో మూత తీసేడు. ట్యాంకులో ట్యూబు, చేతిలో సీసా.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"కారొచ్చిన దగ్గర్నుంచీ బావా. రోజుకి అరలీటరే. అక్కకి చెప్పకు బావా, నీ కాళ్లు పట్టుకుంటాను."

బంగారరాజుకి కోపం కూడా రాలేదు. వేళ్ల మీద లెక్క వేసుకున్నాడు. కారొచ్చిన దగ్గర్నుంచీ పోతుంటే, అప్పుడు పద్దెనిమిది ఎలా వచ్చింది?

లెక్క తెగలేదు. కారు తీసి ఓడలరేవు వెళ్లేడు.

నతానియేలు ఇంటి ముందు వాళ్లావిడ చేపలు ఎండేస్తోంది.

"నతానియేలున్నాడామ్మా?"

"లేరండి," అంది తల ఎత్తకుండానే. "బండి పనెక్కడా ఇవ్వలేదండి. ఈత కూడా సరిగ్గా రాదు, పడవెక్కేరండి. మొన్న ఆదివారం మొగ దగ్గర, ఏరు సముద్రంలో కలిసే చోట, పడవ తిరగబడిపోయిందండి. మిగతా వాళ్లు ఒడ్డుకొచ్చేరండి."

ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. చేపలు తిరగేస్తూనే ఉంది.

క్షమించమని అడగడానికి వచ్చిన మనిషి. ఏం మనిషో, నోటికి లెక్కే వచ్చింది.

"మా బామ్మర్ది రోజూ తీసేవోడంటమ్మా. మరి అప్పుడు లెక్కెందుకు తగ్గలేదు?"

ఆవిడ అప్పుడు తల ఎత్తింది.

"మొదటి నెల్లోనే చూసేరండి ఆయన. చెబితే అమ్మగారి పుట్టింటోళ్లకి తల కొట్టేసినట్టవుతాదన్నారండి. తమ్ముడని ఆవిడ మొహం ఎక్కడ పెట్టుకుంటాదన్నారు."

"మరి?"

"మరేంటండి, రోజూ పొద్దున్నే జీతం డబ్బుల్తో అరలీటరు సీసాలో కొనుక్కొచ్చి, తమరు లేవకముందే ఆ కార్లో పోసేసేవోరండి."