రెండో దెబ్బ

జీపు శబ్దం వినగానే షెడ్డులోని ఆడవాళ్ళకు పైప్రాణాలు పైనే పోయాయి.

సులైబియాలో పాడుబడ్డ కోళ్ళఫారం అది. కువైట్ ఇళ్ళలో దెబ్బలు ఓర్చుకోలేక పారిపోయి వచ్చిన పనిమనుషులకు అదే కోట. అంకాలమ్మ ఆ కోటకు పెద్ద. పనిచేసే ఇంటి యజమానురాలిని అక్కడ మామా అని పిలవాలి. ఆ మామా ఇస్త్రీపెట్టెతో పెట్టిన వాత అంకాలమ్మ ముంజేతి మీద ఇంకా నల్లగా ఉంది. ఇరాక్ సైన్యం దేశంలో దిగి నెలయినా ఈ చోటు ఎవరి కంటా పడలేదు. ఇవాళ పడింది.

"నేను మొన్ననే మొత్తుకుంటి గదక్కా!" పళ్ళు కొరికింది వెంకటేశ్వరి. "ఆ కొత్తామెను పెట్టుకుంటే అందరం చస్తామని!"

"పారిపోయొచ్చి తలుపు గొట్టినోళ్ళను తోసేయగూడదని ఒట్టేసుకుంటిమి గదా. నోర్మూసుకోని అన్నం తిను," అంది అంకాలమ్మ.

కొత్తామె మూలన ముడుచుకుని కూర్చుంది. చిరిగిన బట్టలతో వచ్చిన మనిషికి అంకాలమ్మే తన చీర కట్టి, బొట్టు పెట్టింది. వచ్చినప్పటి నుంచీ ఆమెది మూగనోమే.

తలుపు తన్నుకుంటూ సైనికులు లోపలికొచ్చారు.

"ఇఖామా గుర్తింపు కార్డులు చూపించండి," అన్నాడు అధికారి.

"పనిలో పెట్టుకున్న కఫీల్ గుంజుకున్యాడు. మేం పారిపోయొచ్చినోళ్ళం," వచ్చీరాని అరబ్బీలో చెప్పింది అంకాలమ్మ.

"కువైటీలను దాచారని తెలిస్తే ఈ గోడకే నిలబెట్టి కాలుస్తాం. ఊఁ, తినండి."

తినకపోతే అనుమానం. తిందామంటే ముద్ద దిగదు. అందరూ అన్నంలో చారు పోసుకుని కలిపారు. కొత్తామె మాత్రం ఉత్త అన్నాన్ని గుప్పిట్లో పిసికి, ఉండచేసి, బొటనవేలితో నోట్లోకి తోసుకుంది.

అది అరబ్బు ఇళ్ళలో తినే తీరు. అధికారి చూపు ఆ చేతి మీద ఆగిపోయింది. భుజానున్న తుపాకీ చేతిలోకొచ్చింది.

అంకాలమ్మ ఒక్క ఉదుటున లేచి కొత్తామె చెంప ఛెళ్ళుమనిపించింది.

"హుమార్! గాడిదా! తిండికి తిమ్మరాజు, పనికి పోతరాజు! లేసి అంట్లు తోము, పో!"

అంతటితో ఊరుకోలేదు. ఇంకొకటి పీకింది. మొదటిదానికంటే గట్టిగా.

కొత్తామె వంగి అంట్లు ఎత్తుకుంది.

సైనికులు పగలబడి నవ్వారు. "పనిమనుషుల్లోనూ పెత్తనమే!" అంటూ అధికారి తుపాకీ మళ్ళీ భుజానికి తగిలించుకున్నాడు. "యల్లా, పదండి!"

జీపు చప్పుడు దూరమయ్యాక అంకాలమ్మ వెళ్ళి కొత్తామె చేతిలోని గిన్నె తీసుకుంది. నల్లటి వాతను ఆమె కళ్ళ ముందు పెట్టింది.

"మొదటి దెబ్బ నీ పానం కోసరం, రెండోది దీని కోసరం, మామా."