తడికలో ఒక్కటే కంత

"కాస్త జరుగుతారా పెద్దమ్మా? మీరిలా అడ్డంగా కూర్చుంటే నా లెన్సు పట్టట్లేదు."

కొండ మీది అడవిలో, పిట్టలు బెదరకుండా కట్టిన ఆకుల తడిక అది. మధ్యలో చూడటానికి ఒక్కటే కంత. దాని ముందు, పాత కెమెరా ఒళ్ళో పెట్టుకుని, పెద్దావిడ ఒకామె కూర్చుని ఉంది.

ఆమె కొంచెం జరిగింది.

కుర్ర ఫోటోగ్రాఫరు ఆమె పక్కనే ఇరుక్కున్నాడు.

"ఏ పిట్ట కోసం వచ్చారు?"

"నువ్వు దేని కోసం వచ్చావో ఆ పిట్ట కోసమే బాబూ."

అతనికి నవ్వొచ్చింది. బొటనవేలంత పిట్ట. ఒక్కచోట కుదురుగా ఉండదు. దాని సరైన ఫోటో హేమాహేమీలకే దొరకలేదు.

పొద్దెక్కింది. కాళ్ళు తిమ్మిరెక్కి అతను విసుక్కుంటున్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

"కునుకు పట్టిందా పెద్దమ్మా?"

"ష్... వస్తోంది."

నాచు పట్టిన కొమ్మ మీద వాలింది. నీలం నెత్తి. పసుపు పొట్ట. గొంతు కింద నిప్పురవ్వలాంటి ఎరుపు. ఇంత చిన్న ఒంట్లో అన్ని రంగులు ఎలా ఇమిడాయో!

అతను లెన్సు తిప్పాడు. అందలేదు. పిట్ట సరిగ్గా ఆమె ఎదురుగా ఉంది.

ఆమె కెమెరా ఎత్తి కంటికి ఆనించింది. ఒక్క క్షణం. దించేసింది. వెనక్కి ఒరిగి, అతని భుజం పట్టి తన చోట్లోకి లాగింది.

"నువ్వు తియ్యి నాన్నా. త్వరగా!"

క్లిక్. క్లిక్. పిట్ట తుర్రుమంది.

"పడింది!" ఎగిరి గంతేసినంత పని చేశాడు. "మీరెందుకు తియ్యలేదు? ఎదురుగానే ఉంది కదా!"

"నేను తీస్తే మసగ్గా పడుతుంది. అంత అందమైనది... బాగా పడాలి కదా."

ఆమె అతని కెమెరా అడిగి తీసుకుంది. తెరని ముక్కుకి ఆనేంత దగ్గరగా పెట్టుకుంది. చాలాసేపు చూసింది.

"అబ్బ! ఎంత ముద్దుగా ఉందో!"

సాయంత్రం ఫోటో కాపీ ఇద్దామని ఆమె కోసం విడిదంతా వెతికాడు.

"ఇందాకే బస్సెక్కారు బాబూ," అంది వంటావిడ. "ఏటేటా వస్తారు. ఒక్కసారీ ఆ పిట్ట దొరకలేదు పాపం."

"పోనీలెండి. వచ్చే ఏడు ఆవిడే ముందు తీస్తారు. నేను పక్కన కూర్చుంటా."

వంటావిడ చేతిలో గరిటె ఆగింది.

"వచ్చే ఏటికి ఆవిడ చూపు పూర్తిగా పోతుందని డాక్టరు చెప్పేశాడట బాబూ... ఆ ఒక్క ఫోటో తీసుకుని, కెమెరా పక్కన పెట్టేద్దామని వచ్చారు."