నాలుగు నిమిషాల ఫర్నేస్

"ఇదిగో, మళ్లీ ఆగింది," అంది బాగుచేయడానికి వచ్చిన ఒరీస్యా, చేతిగడియారం చూసుకుంటూ.

సరిగ్గా నాలుగు నిమిషాలు. బేస్‌మెంట్‌లో ఇల్లంతటికీ వేడిగాలి పంపే ఫర్నేస్ ఇలా వెలుగుతోంది, అలా ఆరిపోతోంది, కాసేపటికి మళ్లీ వెలుగుతోంది. బయట మైనస్ ముప్పై రెండు. సరస్సు గడ్డకట్టి దానిమీద లారీలే తిరుగుతున్నాయి. ఇలాంటి చలిలో వెలిగిన ఫర్నేస్ ఇరవై నిమిషాలైనా మండకపోతే ఎలా?

ఎప్పటినుంచి ఇలా అని అడిగింది. ఇంటాయన ఎల్మార్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకున్నాడు.

"ఆఁ?"

ఆమె గొంతు చించుకుని మళ్లీ అడిగింది. నవంబరు నుంచి అన్నాడు. నలభై ఏళ్లు సరస్సులో చేపల పడవ నడిపిన మనిషి. ఆ ఇంజన్ల హోరే చివరికి అతని చెవులు తినేసిందని ఊళ్లో అనుకుంటారు.

మేడమీద గదిలో అతని భార్య థోరా ఉంది. ఊపిరితిత్తుల జబ్బు. ఇల్లు ఒకే తీరున వెచ్చగా లేకపోతే ఆమెను నగరంలో రోగుల్ని చూసుకునే చోటికి పంపక తప్పదని డాక్టర్ చెప్పేశాడు. శుక్రవారం నర్సు వచ్చి చూసి ఏ సంగతీ తేలుస్తుంది. ఇవాళ బుధవారం.

ఇంకొకరైతే కొత్త ఫర్నేస్ కొనుక్కోమని చెప్పి చక్కా పోయేవాళ్లు. ఒరీస్యా అలా కాదు. ఎందుకు ఆగుతోందో తెలిసేదాకా ఆమెకు కాఫీ కూడా సహించదు. ఫిల్టర్ చూసింది, కొత్తది. మంటను కనిపెట్టే కడ్డీ తీసి మెరిసేలా తుడిచింది. బయటికెళ్లి పొగ గొట్టంలో మంచు పట్టిందేమోనని తొంగిచూసింది. అన్నీ బాగానే ఉన్నాయి. ఫర్నేస్‌ను ఆపుతున్నది లోపలి చిన్న స్విచ్. వేడి మితిమీరితే అది ఆపేస్తుంది. అంటే ఎక్కడో గాలి ఆడటం లేదు.

"వేడిగాలి వచ్చే జాలీలు ఏమైనా మూశారా?" అని అరిచింది. వాడని గదుల్లో అవి మూసేసి గ్యాస్ మిగిలిందని మురిసిపోయేవాళ్లు ప్రతి వీధిలోనూ ఉంటారు.

"ఆవిడ చలికి వణుకుతుంటే వేడి మూస్తానా? నాకేమైనా మతి పోయిందా?" అన్నాడు ఎల్మార్.

ఆ మాట నిజమే. గదిగదికీ తిరిగి ప్రతి జాలీ మీదా చెయ్యి పెట్టి చూసింది. ఒక్కటీ మూసి లేదు.

మేడమీద థోరా దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది. ఎండు ప్లమ్ పండ్ల పొరల కేకు తినమని బలవంతపెడుతూనే దగ్గులో పడింది. పక్కటెముకలు విరుగుతాయేమో అన్నంత దగ్గు. ఒరీస్యా కంగారుగా మంచినీళ్లు అందించింది.

"భయపడకమ్మాయ్. ఆపుకోకుండా దగ్గడమే మంచిదట," అంది థోరా తెరిపిన పడ్డాక. "ఇదివరకు దిండు నోటికి అడ్డం పెట్టుకుని బిగబట్టేదాన్ని. నా దగ్గు వినపడిందా, ఆయన తెల్లవార్లూ ఆ కుర్చీలోనే. తిండి కూడా మానేశాడు. అలా ఆపుకుని ఆపుకుని అక్టోబరులో ఆస్పత్రి పాలయ్యాను."

"మరిప్పుడో?"

"నేను తిరిగొచ్చేసరికి ఆయన చెవులు పోయాయి. పాపం అనుకో, కానీ నాకు ప్రాణం తెరిపిన పడింది. కింద గదిలో ఆయన హాయిగా పడుకుంటాడు. ఇక్కడ నేను హాయిగా దగ్గుకుంటాను."

వింటూనే ఒరీస్యా చూపు మంచం పక్క గోడమీది జాలీ మీద పడింది. వేడి వచ్చేది కాదది, గదిలో గాలిని వెనక్కి పీల్చుకునేది. ఫర్నేస్ గాలి ఊదితే చాలదు, పీల్చుకోవాలి కూడా. జేబులోంచి కాగితం రుమాలు తీసి దానికి ఆనించింది. అంటుకుని నిలబడాల్సింది, జారి కింద పడింది.

ఆ గొట్టం నిట్టనిలువుగా కింద గదిలోకి దిగుతుంది. అక్కడ ఇంతకు నాలుగింతల జాలీ ఉంది. అది ఎల్మార్ పడుకునే గది.

దిగివెళ్లి చూస్తే ఆ జాలీ మరలమీది రంగు కొత్తగా గీసుకుపోయి ఉంది. నాలుగూ విప్పి జాలీ లాగితే వెనక రెండు ఉన్ని బొంతలు, ఒక పాత చలికోటు. వేలు దూరే సందు లేకుండా కుక్కి ఉన్నాయి. అవన్నీ బయటికి లాగింది. ఫర్నేస్ వెలిగింది. ఐదు నిమిషాలు, పది, ఇరవై. ఆగలేదు. ఒరీస్యాకు ఎగిరి గంతేయాలనిపించింది. ఇంక థోరా ఎక్కడికీ పోనక్కర్లేదు.

గుమ్మంలో ఎల్మార్ నిలబడి ఉన్నాడు. ఆమె బొంతలు చూపించి, ఫర్నేస్ వైపు చేత్తో సైగ చేసింది. అతని ముఖం పాలిపోయింది.

"అందులోంచి వేడి రాదుగా, మూస్తే ఏమవుతుందిలే అనుకున్నా," అన్నాడు. "చల్లగాలి కొడుతోందని..."

తల వంచుకుని బొంతలు ఒక్కొక్కటే మడిచి పెట్టెలో పెట్టాడు. మూత వేసి తాళం కూడా వేశాడు.

పైన థోరా మళ్లీ దగ్గుతోంది. గొట్టంలోంచి ఆ దగ్గు పక్క మంచంలో ఉన్నంత దగ్గరగా వినిపిస్తోంది. ఒరీస్యా అతనికి వీపు పెట్టి జాలీ బిగిస్తోంది. ఏదో లెక్క కుదరడం లేదు.

"ఇది గాలి పీల్చేదే కానీ వదిలేది కాదే," అని తనలో తానే గొణుక్కుంది. "చల్లగాలి ఎలా కొడుతుంది? మరెందుకు మూసినట్టు?"

"మెల్లగా మాట్లాడమ్మా, పైన ఆవిడకు వినపడుతుంది," అన్నాడు ఎల్మార్.