యాభై రెండో వారం

“ఇంతకీ అదేం అలవాటో చెప్తావా, చెప్పవా?” అంది కృపావతి, చేతిలో కాయని ట్రేలో కాస్త గట్టిగానే పడేస్తూ.

“రేపు సాక్ష్యంలో చెప్తాగా అక్కా. ఒక్కరోజు ఓపిక పట్టు,” అని తోడికోడలు సుసన్నా నవ్వింది.

ఆ నవ్వు చూస్తేనే కృపావతికి ఒళ్ళు మండుతుంది. రెడ్డిగూడెం మామిడి తోటలో రేకుల షెడ్డు కింద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. సుసన్నా ముచ్చికలు విరిచి, సొన కారేలా కాయల్ని బోర్లిస్తోంది. ఆరిన కాయల్ని ఏరి ట్రేలకి సర్దడం కృపావతి పని.

తెల్లారితే ఆదివారం. ఆరాధన అయ్యాక స్త్రీల సమాజంలో సుసన్నా లేచి నిలబడి సాక్ష్యం చెప్పబోతోంది. ఏడాదిపాటు ఒక మంచి అలవాటుని ఒక్క వారం కూడా తప్పకుండా నిలబెట్టుకుందట. పాస్టరమ్మగారే స్వయంగా పిలిచి చెప్పమన్నారు. పదేళ్ళుగా అదే సమాజానికి కార్యదర్శిగా ఉండి కుర్చీల దగ్గర్నుంచి కాఫీల దాకా చూసుకునే కృపావతిని మాత్రం, ‘నువ్వూ ఓ మాట చెప్పమ్మా’ అన్నవాళ్ళు లేరు.

అంతా ఆ ఫోన్ యాప్ చేసిన పని. చేయాలనుకున్నదేదో అందులో రాసుకోవాలి. చేసిన రోజు టిక్కు కొట్టాలి. తప్పితే వరస తెగి సున్నాకి పడుతుంది. కృపావతి పౌరుషంగా ‘రోజూ పొద్దున్న ఐదింటికి నడక’ అని పెట్టుకుంది. ఓ రోజు లారీ వచ్చింది, ఓ రోజు వాన వచ్చింది, ఓ రోజు ఊరికే బద్ధకమొచ్చింది. పదకొండో రోజు దాటితే ఒట్టు. సుసన్నా తెలివిగా ‘వారానికి రెండు రోజులు, ఏ రోజులైనా సరే’ అని పెట్టుకుంది. అలవాటు పేరు ఎవరికీ కనపడకుండా, అది ఉండాల్సిన చోట తాళం బొమ్మ. ప్రతి ఆదివారం వాట్సాప్ స్టేటస్‌లో ఆ తాళం బొమ్మ, పక్కన ఎన్ని వారాలైందో ఓ అంకె. ముప్ఫై, నలభై, యాభై. అంకె పెరిగే కొద్దీ కృపావతికి అన్నం సయించడం మానేసింది.

“వారానికి రెండు రోజులు, అదీ నీకు కుదిరినప్పుడు! అదొక నియమమా?”

“రోజూ అంటే నావల్ల కాదక్కా. ఆ రెండు రోజులకే ప్రాణం మీదకొస్తోంది. కొన్ని వారాలైతే శనివారం సాయంత్రానికి గానీ రెండో టిక్కు పడదు.”

“అంత కష్టమా? ఉపవాసమా ఏంటి?”

“ఉపవాసమైతే ఎంత తేలికో!”

గొప్పలు, అనుకుంది కృపావతి. ఉపవాసం కూడా ఈవిడకి తేలికేనట.

సుసన్నా ఒక బంగినపల్లి కాయని అటూ ఇటూ తిప్పి చూసింది. గట్టిగా ఊపిరి పీల్చి వదిలింది. “మీ వాటా చెట్లకి కాయ ఎంత బాగా దిగిందక్కా. ఒక్క మచ్చ లేదు. నాకు సంతోషంగా ఉంది. నిజంగానే.”

దెప్పుతోంది, అనుకుంది కృపావతి.

సుసన్నా ముఖం మాత్రం ఒక్కసారిగా వెలిగిపోయింది. “అక్కా, చిన్న సాయం చెయ్యవా? నా చేతుల నిండా సొన. ఆ ఫోన్ తీసి, తాళం బొమ్మ మీద ఈ రోజు టిక్కు కొట్టు. అది పడితే యాభై రెండు వారాలూ పూర్తయినట్టే!”

ఇంతలో లారీ దగ్గర్నుంచి ఆమె భర్త సువర్ణరాజు కేకేశాడు. “సుసన్నా! గడ్డి చాల్లేదు, ఇంకో మోపు పట్రా!”

సుసన్నా లేచి పరుగున వెళ్ళింది. ఫోన్ కృపావతి చేతిలో ఉంది. తెరమీద తాళం బొమ్మ, దాని పక్కన యాభై ఒకటి.

ఆ యాప్ సంగతి కృపావతికి బాగా తెలుసు. ఓసారి తన నడక రోజులు మార్చబోతే, అది వెనకటి రోజులన్నీ మళ్ళీ చూసి వరస మొత్తం తుడిచేసింది. ఇప్పుడు ఈ ‘వారానికి రెండు’ని ‘రోజూ’ అని మారిస్తే? ఏడాదంతా తప్పినట్టే.

దేవుడు చూస్తున్నాడన్న భయం వేసింది. కానీ రేపు ఆడవాళ్ళందరి ముందూ సుసన్నా నిలబడటం, వాళ్ళు చప్పట్లు కొట్టడం, తను కుర్చీలు సర్దుకోవడం కళ్ళ ముందు కదిలాయి. నేను ‘రోజూ’ అని పెట్టుకునే కదా పడ్డాను, తనూ పడనీ, అనుకుంది.

‘రోజూ’ మీద నొక్కింది. ‘ఖాయమేనా?’ అని అడిగింది యాప్. ‘అవును’ అంది కృపావతి వేలు.

యాభై ఒకటి పోయి సున్నా వచ్చింది. ఏడాదిలో మొదటిసారి కృపావతికి హాయిగా ఊపిరాడింది.

“కొట్టావా అక్కా?” గడ్డిమోపు లారీ దగ్గర పడేసి సుసన్నా ఆత్రంగా వస్తోంది.

కృపావతి తెర ఆపేయబోయింది. ఈలోగా తాళం బొమ్మ దానంతటదే తెరుచుకుని, యాప్ ఓదార్పు మాట ఒకటి పెద్ద అక్షరాల్లో చూపించింది.

‘ఫర్వాలేదు, అందరికీ తప్పుతుంది! “కృపావతక్కని చూసి కుళ్ళుకోకుండా ఉండటం” ఈ రోజు నుంచే మళ్ళీ మొదలుపెట్టండి.’