కోట గుమ్మం మీది అడవిపిల్లి

కొండ కడుపులో కోట కట్టుకుని బతికే మరుగుజ్జుల్లో బెర్దా పేరుమోసిన వేటగత్తె. ఎద్దంత అడవిపిల్లిని ప్రాణాలతో పట్టి తెస్తానని పంతం పట్టి, చీకటి పడ్డాక కోట ముందు తాను పెట్టిన బోను చూడడానికి ఒంటరిగా బయటికి వచ్చింది.

బోను తలుపు పడి ఉంది. లోపల మాంసం లేదు, పిల్లీ లేదు. చుట్టూ మంచు మీద దాని అడుగుజాడ ఒక్కటీ లేదు.

అప్పుడు వెనకనుంచి తిరగలి తిప్పుతున్నట్టు గుర్రుమనే చప్పుడు వినిపించింది. బెర్దా తిరిగి చూసింది.

కోట తలుపుకు పైనున్న బండ మీద అది కూర్చుని ఉంది. వెన్నెల్లో ఒళ్ళంతా వెండి పూసినట్టుంది. తీరుబడిగా పంజా నాక్కుంటూ ఆమెనే చూస్తోంది. చేతిలో బల్లెం ఉన్న సంగతే బెర్దా మరిచిపోయింది. ఇంత అందాన్ని బోనులో పెట్టాలనుకున్నందుకు సిగ్గేసింది.

కోట తలుపు వెనకనుంచి కాపలా కాస్తున్న ముసలి ఓగ్రిమ్ కేకేశాడు.

"ఏమే పిల్లా, చిక్కిందా నీ పిల్లికూన? చలికి కొయ్యబారిపోయావా ఏంటి? గడియ తీస్తున్నా, రా!"

గుర్రుమనడం ఆగింది. పిల్లి చెవులు రిక్కించి, కిందనున్న తలుపు వైపు వంగింది.

"తియ్యకు మామా," అంది బెర్దా, దాని మీంచి చూపు తిప్పకుండా, గొంతు పెంచే ధైర్యం లేక.

ఆ మాట తలుపు దాటి లోపలికి చేరిందో లేదో. గడియ కిర్రుమంది.