మాచర్ల దాకా కాలు దించకుండా

“రెంటచింతల దగ్గర రైలు గేటు ఉంది గదరా,” అన్నాడు జానకిరామయ్య, పుల్లతో నేల మీద గీస్తున్న దారిని అక్కడే ఆపి. “అది పడితే ఏం చెయ్యాల?”

“పడితే ఏముందిరా, బండి పొయ్యిందాకా ఆగుతావు,” అన్నాడు బ్రహ్మయ్య.

జానకిరామయ్య తల అడ్డంగా ఊపాడు. ఆగే మాటే లేదన్నాడు. రైలు ఎప్పుడొస్తుందో ముందే కనుక్కుని, అది వెళ్ళిపోయాక తాను గేటు చేరుకునేట్టు బయల్దేరాలన్నాడు. స్నేహితుడి ముందుచూపుకి బ్రహ్మయ్య మురిసిపోయాడు. ఎందుకు మురవడు, ఆయన మీసం ఇప్పుడు ఆ ముందుచూపు మీదే నిలబడి ఉంది.

యుద్ధం అయిపోయి టైర్లూ ట్యూబులూ మళ్ళీ దొరుకుతున్న రోజులవి. జానకిరామయ్య నరసరావుపేటలో కొత్త సైకిలు కొని, ఎద్దుబండిలో వేసుకుని నకరికల్లు తెచ్చాడు. మర్నాడు ఇంటి అరుగు మీంచి దాని మీదికి ఎక్కిన మనిషి పొద్దుగూకేదాకా ఊరి చుట్టూ తిరుగుతూనే ఉన్నాడు. బ్రహ్మయ్య చుట్ట చూపించి పిలిచినా దిగలేదు. భార్య రాఘవమ్మ అన్నానికి పిలిచినా దిగలేదు. చీకటి పడే వేళ సొంత దొడ్లో గడ్డివాము మీద వెల్లకిలా పడి రొప్పుతూ కనిపించాడు. అంత ఓపిక గల మనిషిని బ్రహ్మయ్య బుద్ధెరిగాక చూడలేదు.

చూసినవాడు చూసినట్టు ఊరుకోవచ్చు కదా. మాచర్లలో ఒక పెళ్ళికి వెళ్ళి, భోజనాల పంక్తిలో కూర్చుని, మా జానకిరామయ్య తల్చుకుంటే నకరికల్లు నుంచి ఇక్కడిదాకా కాలు కింద పెట్టకుండా వస్తాడని కోతలు కోశాడు. ఆ ఊళ్ళోనే ఉండే బ్రహ్మయ్య బావమరిది సాంబశివరావు పకపకా నవ్వి, కారెంపూడి రాకముందే మూడు చోట్ల చుట్టకి దిగుతాడన్నాడు.

“దిగితే ఈ మీసం మీ ఊళ్ళోనే తీయించుకుంటా,” అన్నాడు బ్రహ్మయ్య అందరి ముందూ. తన పెళ్ళినాటి నుంచి నెయ్యి రాసి పెంచిన మీసం అది.

ఆ పందెం సంగతి విన్నప్పుడు జానకిరామయ్య ముఖం పాలిపోయింది. నన్నడక్కుండా ఎందుకు కాశావురా అని చాలాసేపు తిట్టాడు. ఏదో చెప్పబోయి, అరుగు చుట్టూ చేరి తనను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్న ఊరి జనాన్ని చూసి మానుకున్నాడు. చివరికి మిత్రుడి మీసం వంక ఒకసారి చూసి, తాను చెప్పినట్టల్లా చేస్తేనే వెళ్తానన్నాడు.

అప్పట్నుంచీ బ్రహ్మయ్యకి పూట పూటకీ ఒక పని. ఊరు దాటాక నల్లరేగడిలో మిరపచేల పక్కన బండిచక్రాల గాడులు ఎండి పూడాయో లేదో చూసి రావాలి. కారెంపూడి దగ్గర నాగులేటి నీళ్ళు చీలమండ దాటుతున్నాయేమో కనుక్కోవాలి. గురజాల వైపు నాపరాళ్ళ బండ్లని దారికి అడ్డంగా నిలపొద్దని బండివాళ్ళని బతిమాలాలి. సంతరోజున మాత్రం ప్రయాణం పనికిరాదు.

అన్నిటికీ ఒప్పుకున్న బ్రహ్మయ్య గురజాల మాట దగ్గర అడ్డం చెప్పాడు. అక్కడ రోడ్డు మీదే జానకిరామయ్య మేనత్త గురవమ్మ ఇల్లు.

“గడప ముందు నించి పోతా అన్నం తినకపోతే, మీ అత్త మళ్ళీ నీ గుమ్మం తొక్కదురా.”

“రోడ్డు మీద నిలబడమను. మజ్జిగ చెంబు అందిస్తే తాగుతా పోతా.”

“మరి చెంబు?”

“అవతల చేలో పడేస్తా. ఏరుకోమను.”

ఆఖరి షరతు మాత్రం జానకిరామయ్య రెండుసార్లు చెప్పాడు. మాచర్లలో సాంబశివరావు ఇంటి ముందు కండగల మనుషులు నలుగురు నిలబడాలి. తాను రాగానే సైకిలుని ముందూ వెనకా గట్టిగా పట్టుకోవాలి. గెలిచినవాడు పల్లకీలో పెళ్ళికొడుకులా దిగాలని ఆశపడుతున్నాడు కాబోలు, పడనీ పాపం అనుకున్నాడు బ్రహ్మయ్య.

తన భార్యనీ రాఘవమ్మనీ వెంటబెట్టుకుని ఆయన ముందురోజే రైల్లో మాచర్ల చేరాడు. మర్నాడు మధ్యాహ్నం గురజాల నుంచి బస్సులో వచ్చినవాడొకడు, గురవమ్మ గారి చెంబు చేలో పడిందన్న కబురు తెచ్చాడు. బ్రహ్మయ్య ఆనందానికి పట్టపగ్గాల్లేవు. తప్పెట్లు పిలిపించాడు, నలుగురు మనుషుల్నీ వరసగా నిలబెట్టాడు.

సాంబశివరావు అడ్డం వచ్చాడు. “పందెం అంటే పందెం బావా. సైకిలు మీద ఎవరూ చెయ్యి వెయ్యగూడదు.”

“అట్నే కానియ్,” అని బ్రహ్మయ్య నవ్వుతూ ఆ నలుగుర్నీ పక్కకి పంపేశాడు. వెనక నుంచి రాఘవమ్మ కంగారుగా ఏదో చెప్పబోయింది కానీ, తప్పెట్ల మోతలో ఆవిడ మాట ఎవరికీ వినపడలేదు.

పొద్దు వాలుతుండగా జానకిరామయ్య వచ్చాడు. ఒళ్ళంతా దుమ్ము. బ్రహ్మయ్య పూలదండతో ఎదురెళ్ళాడు. జానకిరామయ్య అటూ ఇటూ చూసి, “మనుషులేరిరా?” అని అరిచి, దండ పక్క నుంచి దూసుకుపోయాడు. వచ్చిన జనం ఆయనకి చాల్లేదు కాబోలనుకున్నాడు బ్రహ్మయ్య. బజారు చివరిదాకా పోయినవాడు తిరిగి వచ్చాడు, ఆగకుండా మళ్ళీ పోయాడు. జనం ఈలలు వేశారు.

“చూశావా, మావాడికి మాచర్ల దాకా చాల్లేదంట,” అంటూ బ్రహ్మయ్య మీసం మెలేశాడు. సాంబశివరావు ఓడిపోయానని ఒప్పుకున్నాడు.

బ్రహ్మయ్యకి కళ్ళనీళ్ళు తిరిగాయి. తన మీసం కోసం ఇంత కష్టపడే స్నేహితుడు ఎవరికి దొరుకుతాడు? ఇంత పట్టుదల మీ ఆయనకి ఎక్కణ్ణుంచి వచ్చిందమ్మా అని రాఘవమ్మని అడిగాడు. ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, బజారు చివర మళ్ళీ మలుపు తిరుగుతున్న మొగుడి వంక చూస్తూ నెమ్మదిగా చెప్పింది.

“ఆయనకి దిగడం రాదన్నయ్యా.”